జిలేబీ జుట్టు పిల్ల మాట్లాడిన తెలుగు

మొన్న బిష్టుపూర్‌లో బ్యాంకు పని చూసుకుని ఆటో కోసం నిలబడ్డాను. పక్కనే స్కూలు పిల్లలు గుంపుగా చేరి ఐస్‌క్రీము తింటున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి స్నేహితురాలి మీద ఏదో పందెం గెలిచినట్టుంది. గడ్డం పైకెత్తి, అరచెయ్యి తిరగేసి నోటి పక్కన పెట్టుకుని "ఓ హో హో హో" అని నవ్వింది. నవ్వు బాగానే ఉంది గాని మోచెయ్యి జారిపోయింది. ఆ నవ్వుకి మోచెయ్యి భుజంతో సమంగా ఉండాలి, కళ్ళు సగం మూసుకోవాలి, చివరి హో కాస్త సాగాలి. ఈ శాస్త్రమంతా నాకెలా తెలుసంటే, జంషెడ్‌పూర్ మొత్తం మీద ఆ నవ్వు అందరికన్నా బాగా నవ్వగల మనిషి మా ఇంట్లోనే ఉంది. మేముండేది భాలుబాసాలో, శ్రీకాకుళం నుంచి వచ్చిన తెలుగువాళ్ళ బస్తీలో. ఆవిడకి ముందు పళ్ళు లేవు, మోకాళ్ళ నొప్పులున్నాయి. మా మామ్మ, అంటే మా నాన్న తల్లి.

ఆ నవ్వు జపాన్‌ది. నేను డిగ్రీ చదువుకునేటప్పుడు నా చదువు కోసమని నాన్న ఒక లాప్‌టాప్ కొన్నారు. కాబట్టి సహజంగానే దాన్ని మా చెల్లి వాడుకునేది. అందులో తనొక యానిమే, అంటే జపాన్ బొమ్మల సీరియల్ పట్టుకొచ్చింది. కొండ మీద గొప్పింటి ఆడపిల్లలు చదివే ఒక బడి. ఆ బడిలో పిల్లలకన్నా మెట్లు ఎక్కువ. ఏ కాలంలో చూసినా ఎక్కణ్ణుంచో గులాబీ రేకులు కొట్టుకొస్తుంటాయి గాని, తోటలో ఒక్క మొక్కయినా బోడిగా కనబడదు. ఏడాది చివర్న ఆ బడి గోపురం మీది గంట కొట్టే హక్కు ఒక్క పిల్లకే దక్కుతుంది. దానికోసం పియానో, గుర్రం, కత్తియుద్ధం, టీ పోయడం, అన్నిట్లోనూ పోటీ. మా ప్రభుత్వ స్కూల్లో ఆ గంట ప్యూను కొట్టేవాడు, అరచేతిలో ఖైనీ పొగాకు నలుపుకుంటూ. ఆయనకి అంత ప్రతిష్ఠ ఉందని అప్పుడు తెలిస్తే దండం పెట్టేవాణ్ణి.

పోటీ ముఖ్యంగా ఇద్దరి మధ్య. స్కాలర్‌షిప్పు మీద వచ్చిన పేదపిల్ల ఒకతి. దాని కళ్ళు ముఖంలో సగం ఉండేవి, ఎప్పుడు చూసినా నిండి ఉండేవి. మా ఇంట్లో దాని పేరు ఏడుపు పిల్ల. రెండోది ఏ జమీందారుగారి కూతురో, జుట్టు రెండు పక్కలా చుట్టలు చుట్టుకుని నడుం దాకా వేలాడేది, అందులోంచి పాకం కారడమొక్కటే తక్కువ. ఇది జిలేబీల పిల్ల. నేను వెక్కిరిస్తున్నానని అనుకోకండి. వెక్కిరించడం నా వృత్తి, ఆ సీరియల్ మీద గౌరవం నా బలహీనత. ఒక టీ కప్పు చల్లారేలోగా ఒక ఎపిసోడ్ మొత్తం నడపగలగడం తమాషా కాదు. అందులో ఎవరూ ఏదీ ఊరికే చెయ్యరు. తలుపు తీసినా యుద్ధం ప్రకటించినట్టే తీస్తారు. మా అమ్మ ఒక్కతే దాని ముందు లొంగలేదు. వంటింట్లోంచి తొంగి చూసి, "ఆ తెల్ల గౌన్లన్నీ ఎవులు ఉతుకుతార్రా?" అని అడిగి వెళ్ళిపోయేది.

మా చెల్లి ఆ సీరియల్‌కి అంతగా అతుక్కుపోడానికి కారణముంది. టెంత్‌లో మంచి మార్కులొచ్చి, ఊళ్ళో గొప్పవాళ్ళ పిల్లలు చదివే ఒక ఆడపిల్లల స్కూల్లో దానికి సీటొచ్చింది. తెల్ల గోడలు, కోసిన గడ్డి, లోపలికి అడుగు పెట్టాలంటే గేటు పాసు. జంషెడ్‌పూర్‌లో గేటు పాసు లేకుండా స్వర్గంలోకి కూడా రానివ్వరని నా అనుమానం. నాన్న ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవారు కాబట్టి పాసుల విలువ మాకు పుట్టుకతోనే తెలుసు. ఆ స్కూల్లో చెల్లికీ ఒక జిలేబీల పిల్ల దొరికింది. జుట్టు మామూలుదే, జడ వేసుకునేది. సోనారి నుంచి కార్లో వచ్చే ఒక ఆఫీసరుగారమ్మాయి. వాళ్ళది కృష్ణా జిల్లా. మొదటి ర్యాంకు ఒక నెల దానిది, ఒక నెల దీనిది.

ఒకరోజు చెల్లి అన్నం డబ్బా మరిచిపోయింది. మామ్మ ఎవరికీ చెప్పకుండా షేర్ ఆటో ఎక్కి స్కూలు దాకా వెళ్ళి, గేటు ఊచల్లోంచి వీధి వీధంతా వినబడేలా, "ఓలమ్మీ! అన్నం మర్సిపోనావే! ఆకలితో సత్తావేటే?" అని కేకేసింది. అక్కడున్న బెంగాలీ పిల్లలకి, బిహారీ పిల్లలకి, పంజాబీ పిల్లలకి అదేదో ఒక భాష, ఎవరో ఒక ముసలమ్మ. అందులో ఏ తెలుగు ఎక్కడిదో తేడా పట్టగలిగిన మనిషి ఆ మైదానం మొత్తంలో ఒక్కతే. ఆఫీసరుగారమ్మాయి నవ్వేసి, "భలే మాట్లాడతారే మీ మామ్మగారు, అచ్చం సినిమాల్లో కామెడీ వాళ్ళలా!" అందట. అందులో విషం ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. చెల్లికి మాత్రం ఎక్కింది.

అప్పట్నుంచి మామ్మ తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెప్పడం మొదలుపెట్టింది. నిజానికి మా వీధి పిల్లలందరం అంతే. పెద్దవాళ్ళు ఒక భాషలో తిడతారు, మేం ఇంకో భాషలో తప్పించుకుంటాం. కానీ చెల్లి హిందీ వేరు, తలుపుకి లోపల గడియ పెట్టినట్టుండేది. మామ్మ ఆ తలుపు కొట్టలేదు. చెల్లి పక్కన బఠాణీల చేట పట్టుకుని కూర్చుని, అది చూస్తున్న సీరియల్ తనూ చూడ్డం మొదలుపెట్టింది.

మామ్మకి జపాన్ భాషా రాదు, కింద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలూ రావు. "ఏటంతందే ఆ గుంట?" అని, అంటే ఆ పిల్ల ఏమంటోందని, అడిగితే చెల్లి, "కుఛ్ నహీఁ మామ్మా" అనేది. గుర్రం మీద నిలబడి కత్తి దూసి ఒక పిల్ల అంతసేపు అరిస్తే అది ఏమీ కాకపోవడం మామ్మకి నచ్చలేదు. దాంతో తెలుగు చెప్పే ఉద్యోగం నాకొచ్చింది. గొంతులు మార్చడం నాకు చిన్నప్పట్నుంచీ సరదా. జిలేబీల పిల్లకి, ఏడుపు పిల్లకి పుస్తకాల్లో ఉండే తెలుగు ఇచ్చాను. "నీవిచట నుండుటకు అర్హురాలవా?" లాంటివి. బడి వంటింట్లో ఒక లావుపాటి వంటమనిషి ఉండేది, గిన్నెలు పడేస్తూ. దానికి మాత్రం మా శ్రీకాకుళం మాట పెట్టాను. అది నోరు తెరిస్తే నాకే నవ్వొచ్చేది. సినిమాలన్నీ చూసి నేర్చుకున్న పద్ధతి మరి.

మామ్మ రెండు ఆదివారాలు ఊరుకుంది. మూడోసారి బఠాణీ ఒలుస్తూ, తల ఎత్తకుండా, "ఒరే, అంత బడిలో మనూరోలు ఆ వంటమనిసొక్కర్తేనేట్రా?" అంది.

"సినిమాల్లో అలాగే కదా మామ్మా" అన్నాను.

"సినిమావోలకి మనం తెల్దు. నీకూ తెల్దేటి? ఆ జిలేబీల గుంటకెట్టు మన మాట."

"అది జమీందారుగారి కూతురు మామ్మా!"

"మనేపు గొప్పిళ్ళు నేవేటి?"

సరే, ఇందులో ఇంకా పెద్ద జోకుందనుకుని ఒప్పుకున్నాను. ఆ ఎపిసోడ్‌లో ఏడుపు పిల్ల మొదటిసారి ఆ బడి మేడ మెట్లెక్కుతోంది. జిలేబీల పిల్ల పైమెట్టు మీద నిలబడి చూస్తోంది. రేకులు కొట్టుకొస్తున్నాయి. నేను గొంతు సవరించుకుని, "ఏటే సూత్తన్నావు? మెట్లెక్కీసినంత మాత్రాన మేడ నీదైపోద్దేటి? ముందు నిలబడ్డం నేర్సుకో. నిలబడ్డం రానిదానికి గంటెందుకే?" అన్నాను. నవ్వుల కోసం ఆగాను. ఎవరూ నవ్వలేదు. అమ్మ గరిట పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. మామ్మ మెల్లగా తలాడించి, "అద్గది" అంది. ఆ తెర మీది పిల్ల పెదాలు, నా మాటలు, ఆ చూపు, మూడూ ఒక దానికోసం ఒకటి పుట్టినట్టు కుదిరిపోయాయి. చెల్లి తెర చూడ్డం మానేసి నా వైపు చూసింది. జోకు పేలకపోవడం నా జీవితంలో కొత్త కాదు. పేలనందుకు అంత గౌరవం దక్కడం మాత్రం అదే మొదలు.

అక్కణ్ణుంచి మామ్మ జిలేబీల పిల్ల పార్టీ. ఏడుపు పిల్ల మీద జాలి ఉండేది గాని, "అది ఎలగూ గెలుస్తాది, దానికి పాటలున్నాయి" అనేది. ఒకసారి జిలేబీల పిల్ల ఎవరూ లేనప్పుడు వేళ్ళకి గుడ్డ కట్టుకుని పియానో వాయించుకోవడం చూపించారు. మామ్మ చేట కింద పెట్టేసింది. "గొప్పగా ఉండడం కూడా డ్యూటీయేరా. మీ నాన్నకి ఆదివారం ఆఫుంది, ఈ గుంటకి అదీ నేదు" అంది. జరిగినదంతా కుళాయి దగ్గర ఆడవాళ్ళకి చెప్పేది. మా సందులో కొంతమంది, జపాన్‌లో ఎవరో మనవాళ్ళ పిల్లకి చదువులో అన్యాయం జరుగుతోందని నిజంగానే బాధపడ్డారు.

ఈలోగా చెల్లి స్కూల్లో వార్షికోత్సవం వచ్చింది. ఇద్దరు రాణుల నాటకం. గెలిచే రాణి మా చెల్లి, ఓడిపోయే రాణి ఆఫీసరుగారమ్మాయి. మామ్మకి ఒకటే ధ్యాస. తన మనవరాలు చదివే గొప్ప బడి లోపలికి ఒక్కసారి వెళ్ళి, ఆ మెట్లూ ఆ గంటా కళ్ళారా చూడాలి. "మీ బళ్ళో గంటెక్కడుంతాదే?" అని ఎన్నిసార్లడిగిందో! "ఎలక్ట్రిక్ హై మామ్మా, బటన్ దబాతే హైఁ" అని, అంటే కరెంటుది, బటన్ నొక్కుతారని చెల్లి. పిల్లకి రెండేసి పాసులిచ్చారు. నాన్నకి ఆ రోజు బీ షిఫ్టు. అంటే ఒక పాసు అమ్మకి, రెండోది ఎవరికో లెక్క వెయ్యక్కర్లేదు. మామ్మ పచ్చంచు చీర తీసి గంజి కూడా పెట్టుకుంది. చెల్లి నేలచూపులు చూస్తూ, "భయ్యా ఆ జాయేగా" అంది, అంటే నేనొస్తానని. మామ్మ ఆ చీర మడత పెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. గంజి చీర మడత పెడితే చప్పుడవుతుంది. ఆ చప్పుడు ఇంట్లో అందరికీ వినబడింది. నేను పాసు జేబులో పెట్టుకుని ఏదో జోకేశాను. ఏం వేశానో గుర్తులేదు, నవ్వొచ్చే జోకు కాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం సీరియల్ ఆఖరి ఎపిసోడ్. మామ్మ చెప్పినట్టే ఏడుపు పిల్ల గెలిచింది. బడి బడంతా దాని చుట్టూ చేరింది. జిలేబీల పిల్ల ఒక్కతీ మెట్లు దిగుతోంది. నిర్మాత మిగిలిన గులాబీ రేకులన్నీ ఆ రోజే ఖర్చు పెట్టేసినట్టున్నాడు, మనిషి కనబడట్లేదు. మెట్ల మధ్యలో ఆగి అందరి వైపూ తిరిగి అది మాట్లాడ్డం మొదలుపెట్టింది. నా పని నేను చేశాను. "ఒలే, ఈ పూలన్నీ రేపు ఎవులు తుడుత్తారే?"

అమ్మ పకాలున నవ్వింది. చెల్లి టక్కున బొమ్మ ఆపేసి నా మీద లేచింది. "చుప్ కర్! వో ఐసా నహీఁ బోల్ రహీ హై!" నోర్ముయ్యి, అదలా అనట్లేదని. దాని కళ్ళు ఏడుపు పిల్ల కళ్ళంత అయ్యాయి.

"మరేటంతందే?" అంది మామ్మ.

చెల్లి హిందీలో ఒక వాక్యం చెప్పింది. మామ్మ చెయ్యడ్డం పెట్టి, "ఇందీలో ఆ పిల్ల నాకు తెల్దే" అంది.

అందులో కోపమేమీ లేదు, ఉన్నమాట. ఆ పిల్ల మా ఇంట్లో అన్నాళ్ళు ఒకే మాట మాట్లాడింది. ఇప్పుడు వేరేలా మాట్లాడితే ఎవరో పరాయి పిల్లయిపోతుంది. ఆ సంగతి మామ్మకన్నా చెల్లికే బాగా తెలుసు, అంత ప్రేమ దానికి ఆ పిల్ల మీద. బొమ్మ వెనక్కి తిప్పింది. మొదట "నేను ఓటమిని" అని మొదలుపెట్టి ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. ఈసారి తెర వైపే చూస్తూ అంది:

"సూడండే అందరూ. నాను ఓడిపోనాను. నాకన్నా ఇది బాగా సేసింది, గంట ఇదే కొడతాది. అయితే ఏటి? నాను ఎవులింటి పిల్లనో, ఎక్కణ్ణుంచొచ్చేనో, అది ఓడిపోనేదు. తల దించుకుంతాననుకున్నారేటి? నిలబడండలగ. సాయంత్రందాకా సూడండి."

ఇదంతా కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఉందా అంటే, కొంత ఉంది. మిగతాది మా చెల్లి సొంతంగా చేర్చింది. ఆ తర్వాత జిలేబీల పిల్ల చెయ్యి తిరగేసి నవ్వింది. చెల్లీ చెయ్యి తిరగేసి నవ్వబోయింది గాని రెండో హో దగ్గర ఆగి కళ్ళు తుడుచుకుంది. ఆ మిగిలిన రెండు హోలూ మామ్మ నవ్వింది, మోచెయ్యి భుజం దాకా ఎత్తి. అంత బాగా వస్తుందని ఆవిడకీ తెలియదనుకుంటాను. నేను జేబులోంచి పాసు తీసి చెల్లి ఒళ్ళో పడేసి, నాకు క్రికెట్ మ్యాచ్ ఉందని చెప్పి బయటికెళ్ళిపోయాను. ఆ రోజు ఊళ్ళో ఎక్కడా మ్యాచ్ లేదు.

మర్నాడు పొద్దున్న చెల్లి మామ్మ దగ్గరికొచ్చి, "మామ్మా, శనివారం మా బడికి రా" అంది.

మామ్మ గడ్డం పైకెత్తింది. "ఎవులు పిలుత్తన్నారు? బడోలా, నువ్వా?"

"నానే."

"నాకు పప్పులెండబెట్టుకోడాలున్నాయి. సూత్తాన్లే."

చీర అప్పటికే ఇస్త్రీకి వెళ్ళిపోయిందని అమ్మ చెప్పింది.

నాటకం నేను చూడలేదు, పాసు లేదు గనక. "మన గుంట ఇంగిలీసులో ఏటో అరిసింది, బాగానే అరిసింది" అన్నది మామ్మ సమీక్ష. నాటకమయ్యాక గేటు వదిలేశారు, గడ్డి మీద టీ ఇస్తుంటే నేనూ వెళ్ళి ఒక సమోసా తీసుకున్నాను. చెల్లి అట్టకిరీటంతో మామ్మ దగ్గర నిలబడి ఉంది. అప్పుడే నల్ల గౌనుతో ఆఫీసరుగారమ్మాయి వచ్చింది. "నమస్కారమండీ మామ్మగారూ, నాటకం ఎలా ఉందండీ?" అని ఒక్కో అక్షరం తుడిచి పెట్టినట్టు అడిగింది. చెల్లి కిరీటం సర్దుకుంది.

మామ్మ ఆ పిల్లని కింది నుంచి పైదాకా చూసింది. "బాగా సేసినావమ్మా. మా గుంటకన్నా నువ్వే బాగా నిలబడ్డావు. ఆకర్న తల దించీసుకున్నావేటి మరి? అక్కడ ఇలగ నవ్వాల." చెప్పి ఊరుకోలేదు. పచ్చంచు చీర కొంగు సర్దుకుని, మోచెయ్యి ఎత్తి, ఆ గడ్డి మైదానం మీద, టీచర్లందరి ముందూ, "ఓ హో హో హో" అని నవ్వింది. చుట్టుపక్కల టీ కప్పులు ఆగిపోయాయి. ఆ అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. తర్వాత దాని ముఖం దీపం పెట్టినట్టయింది. అదీ చెయ్యి తిరగేసింది, మోచెయ్యి సరిగ్గా ఉండాల్సిన ఎత్తులోనే పెట్టి నవ్వింది. సోనారిలోనూ అదే సీరియల్ నడిచిందన్నమాట. అక్కడా అదే పార్టీ అన్నమాట. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ నవ్వుతుంటే, గెలిచిన రాణి పక్కన కిరీటంతో ఒంటరిగా నిలబడింది.

"మీరు కూడా చూశారా మామ్మగారూ! ఏ భాషలో?"

"ఏ బాసేటమ్మా, ఆ పిల్ల మా మాటే కదేటి ఆడతాది!"

చెల్లి అప్పుడు మామ్మ చెయ్యి పట్టుకుంది. ఆ బళ్ళో, అంతమంది మధ్య, మామ్మ గేటు దగ్గర కేకేసినంత గట్టిగా, "మామ్మా, రా, గంట సూపిత్తాను" అంది. వెనకాలే మేమంతా వెళ్ళాం, ఆఫీసరుగారమ్మాయి కూడా. ఆఫీసు వరండాలో గోడ మీద ఎర్ర బటన్. మామ్మ దాన్ని చూసి, "ఇదేటే, లైటు స్విచ్చిలాగుంది" అని నిరాశపడింది. చెల్లి అటూ ఇటూ చూసి, మామ్మ వేలు పట్టుకుని బటన్ మీద పెట్టి, "కొట్టు" అంది. కొండ మీది ఆ పిల్లలంతా గుర్రాలెక్కీ కత్తులు దూసీ సాధించాలనుకున్న హక్కుని మా మామ్మ చూపుడువేలితో సాధించింది. బడి బడంతా మోగింది. గడ్డి మీద సగం పిల్లలు అలవాటు కొద్దీ సమోసాలు వదిలేసి వరసల్లో నిలబడిపోయారు.

సోమవారం ఆఫీసరుగారమ్మాయి చెల్లిని పట్టుకుంది. ఆ శ్రీకాకుళం డబ్బింగ్ ఎంత వెతికినా దొరకట్లేదు, ఎందులో వస్తుందని. "అది మా ఇంట్లోనే వస్తుంది" అంది చెల్లి. దాంతో కొన్ని ఆదివారాలు సోనారి కారు మా సందు మొదట్లో ఆగేది, లోపలికి పట్టదు కాబట్టి. స్నేహితులయ్యారా అంటే చెప్పలేను. ర్యాంకు కోసం ఆఖరిదాకా అలాగే కొట్టుకున్నారు. మామ్మ ఇద్దరికీ బఠాణీలు పెట్టి, ఎవరు ఓడిపోతే ఆ నెల వాళ్ళ పార్టీలో ఉండేది.

ఇప్పుడు చెల్లి పూనాలో ఉద్యోగం చేస్తోంది. బిష్టుపూర్‌లో చూసిన నవ్వు గురించి మామ్మకి చెబితే, "మోసెయ్యి ఎత్తిందేటి?" అని అడిగింది. లేదంటే పెదవి విరిచింది. ఆ ఆదివారమే సీరియల్ కొత్త భాగం వచ్చిందని చెల్లి ఫోన్ చేసింది. మామ్మకి చూపు తగ్గింది కాబట్టి లాప్‌టాప్ ముక్కు దగ్గర పెట్టాం. పూనా నుంచి స్పీకర్‌లో చెల్లి జిలేబీల పిల్లకి మాట ఇచ్చింది, నేను మిగతా బడికంతా ఇచ్చాను. అవే మెట్లు, అవే గౌన్లు, అవే రేకులు. మళ్ళీ గంట కోసమే. మామ్మ చాలాసేపు కళ్ళు చికిలించుకుని చూసి, "ఇంకా ఆ తరగతిలోనే ఉన్నారేటే ఈ గుంటలు? అన్నేళ్ళయినా పాసవనేదేటి?" అంది. ఫోన్‌లో చెల్లి పడీ పడీ నవ్వింది. ఆ కొండ మీద గంట ఎవరు కొట్టాలో ఏళ్ళ తరబడి తేలట్లేదు, అందుకే అక్కడ ఎవరికీ వయసు రాదు. మా ఇంటి గంట మామ్మ ఆ రోజే కొట్టేసింది, మా పిరియడ్ అప్పుడే అయిపోయింది.